కోడి ఎలా తప్పించుకుందో రాయి: ఇంగ్లీషు డైరీ తొమ్మిదో రోజుకే ఎందుకు ఆగిపోతుంది

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లో తెలుగు, పదో తరగతి వరకు ఒడియా మీడియం, డిగ్రీ కూడా ఆ ఊళ్ళోనే. బ్యాంకు పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షలకు చదువుతోంది. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, ఆబ్జెక్టివ్ ప్రశ్నల్లో మార్కులూ వస్తాయి, తెల్ల కాగితం ముందు పెడితే మాత్రం చెయ్యి కదలదు. రోజూ ఇంగ్లీషులో డైరీ రాయమని ఎవరో చెప్తే మూడుసార్లు మొదలుపెట్టింది, మూడుసార్లూ పది రోజుల లోపే ఆపేసింది. "రాసింది తప్పో ఒప్పో చెప్పేవాళ్ళే లేనప్పుడు రాసి ఏం లాభం? తప్పులే అలవాటైపోవా?" అని అడిగింది. తను రాసిన ఒక పేజీ కూడా పెట్టింది.

అమ్మా, మా చిన్నమ్మాయి వయసుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు. మాది కాశీనగర్, వంశధార ఒడ్డు. ఏరు దాటితే ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ. నీ కథే నాదీ. 1983లో ఒక ప్రభుత్వ ఆఫీసులో కింది స్థాయి గుమాస్తాగా, అంటే ఎల్‌డీసీగా చేరి 2021లో రిటైరయ్యాను. 1984 నుంచి ఇంగ్లీషులో డైరీ రాస్తున్నాను. ఏకధాటిగా రాశానని అబద్ధం చెప్పను. మానేసిన నెలలు చాలా ఉన్నాయి, ఒకసారైతే ఏడాదిన్నర ముట్టుకోలేదు. ఇప్పుడు ఆదివారం పొద్దుట మా అరుగు మీద ఐదారుగురు పిల్లలు నోటుపుస్తకాలు పట్టుకుని కూర్చుంటారు. ఫీజు లేదు, మా ఆవిడ పెట్టే టీ ఒకటే ఖర్చు. అందుకని ఇలాంటి డైరీలు రాయడమే కాదు, చూడడం కూడా కొంచెం అలవాటు.

ముందు నీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పేస్తాను. దిద్దేవాళ్ళు లేకపోయినా డైరీ పనికొస్తుంది. రాసి మూసేస్తే మాత్రం పనికిరాదు. రాసినదాన్ని మూడు రోజులాగి తెరిచి చదవాలి, పక్క పేజీలో మళ్ళీ రాయాలి. నేను నేర్చుకున్నదంతా ఆ రెండో రాతలోనే నేర్చుకున్నాను. మొదటిది దానికి ముడిసరుకు.

ఇక నీ పేజీ. "టుడే ఐ వోక్ అప్ ఎట్ సిక్స్ ఓ క్లాక్. ఐ బ్రష్డ్ మై టీత్. ఐ టుక్ బాత్. ఐ ఏట్ టిఫిన్. దెన్ ఐ స్టడీడ్." ఇది నాకు కొత్త కాదు. మా అరుగు మీదికొచ్చే ప్రతి నోటుపుస్తకంలోనూ మొదటి పేజీ ఇదే. నా 1984 నోటుపుస్తకంలోనూ ఇదే, బ్రష్షు బదులు వేపపుల్ల, అంతే తేడా. తొమ్మిది రోజులు తొమ్మిదిసార్లు పళ్ళు తోముకున్న సంగతి రాశాక పదో రోజు ఎవరికీ పెన్ను పట్టబుద్ధి కాదు. నాకు బద్ధకం ఎక్కువ అని నువ్వు రాసుకున్నావు. బద్ధకం కాదమ్మా, నువ్వు ఎంచుకున్న సంగతిలో ఉప్పూ కారం లేవు.

ఇందులో ఇంకో నష్టం ఉంది. ఆ వాక్యాలు నీకు ఏడో తరగతి నుంచే వచ్చు. వచ్చినవే రాస్తూ కూర్చుంటే పెన్ను అరుగుతుంది గానీ భాష పెరగదు. హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో ఇంగ్లీషు బోధన చదివిన మా మేనకోడలు దీని మీద ఒక సంగతి చెప్పింది. కెనడాలో ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లల్ని ఫ్రెంచిలో పాఠాలు చెప్పే బళ్ళలో వేశారట. ఏళ్ళ తరబడి ఫ్రెంచిలోనే విన్నారు, చదివారు. అర్థం చేసుకోవడంలో చాలా ముందుకు వెళ్ళారు, మాట్లాడమన్నా రాయమన్నా మాత్రం వ్యాకరణం తడబడేది. మెరిల్ స్వెయిన్ అనే ఆవిడ 1985లో దీని గురించి రాస్తూ, వింటున్నప్పుడూ చదువుతున్నప్పుడూ అర్థం దొరికితే చాలు, వ్యాకరణాన్ని పట్టించుకోకుండా దాటిపోవచ్చు, మనమే మాట కూర్చాల్సి వచ్చినప్పుడు అలా దాటలేం అన్నది. ఎక్కడో ఒక చోట ఆగిపోతాం. మనకు ఏది రాదో అప్పుడే మనకు తెలుస్తుంది. ఆబ్జెక్టివ్‌లో మార్కులొస్తున్నాయి, కాగితం మీద చెయ్యి కదలట్లేదు అన్నావు చూడు, ఆ పిల్లల సంగతీ నీ సంగతీ ఒకటే.

కాబట్టి పెన్ను ఆగిపోయే సంగతులు రాయాలి. నీ పేజీలో అలాంటిది ఒకటుంది, నువ్వు గమనించలేదు. చివర్లో "మై గ్రాండ్‌మదర్ వాజ్ యాంగ్రీ విత్ గ్యాస్ సిలిండర్" అని రాశావు. పేజీ మొత్తంలో ప్రాణమున్న వాక్యం అదొక్కటే. ఎందుకు కోపం? సిలిండర్ ఏం చేసింది? అవి రాయాల్సింది పోయి "దెన్ ఐ స్లెప్ట్" అని పడుకున్నావు.

నా పాత నోటుపుస్తకం ఒకటి తీసి చూపిస్తాను. 1985, వానల రోజులు. అప్పటికి గజపతి జిల్లా లేదు, 1992 దాకా మనం గంజాం జిల్లా వాళ్ళమే. నౌపడా నుంచి గుణుపూర్ వెళ్ళే చిన్న రైలు అప్పుడింకా నేరోగేజ్ మీదే నడిచేది. 2004లో దాన్ని ఆపి బ్రాడ్‌గేజ్ వేశారు. నువ్వు ఆ చిన్న రైలు చూసి ఉండవు, చూసి ఉన్నా గుర్తుండదు. పర్లాకిమిడిలో ఎక్కి కాశీనగర్ వస్తున్నాను. ఆ రాత్రి రాసింది, తప్పులతో సహా ఇదీ:

"ట్రెయిన్ వాజ్ లేట్. వన్ ఓల్డ్ ఉమన్ ఈజ్ సిట్టింగ్ విత్ హెన్. హెన్ ఎస్కేప్డ్. హి వాజ్ క్రయింగ్. ఆల్ పీపుల్స్ సెర్చ్డ్. హెన్ వాజ్ కేమ్ అండర్ మై లెగ్."

ఆరు వాక్యాలు. రాసినప్పుడు భలే ఉంది అనుకున్నాను. నాలుగో రోజు తెరిచి చదివితే నాకే నవ్వొచ్చింది. ఏడ్చింది ఎవరు? "హి" అన్నాను. కోడా? ముసలమ్మా? పెట్టెలో ఇంకెవరైనా మగాయనా? ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడే తట్టింది. ఒడియాలో ఆయనా "సే"నే, ఆవిడా "సే"నే. పదేళ్ళు ఒడియాలో చదువుకున్న చెయ్యి ఆడా మగా చూడకుండా "హి" అని రాసేసింది. ఒడియా మీడియం పిల్లల పేజీల్లో నేను ముందు వెతికేది ఇదే. నీ పేజీలోనూ మీ అమ్మగారు ఒకచోట "హి" అయ్యారు, చూసుకో.

అయితే ఆ పేజీలో నాకు అసలు పాఠం చెప్పింది కోడి. "ఎ", "ది" ఎక్కడ పెట్టాలో తెలుగువాళ్ళకు జన్మలో అంతుపట్టదని మా మాస్టారు అనేవారు. తెలుగులో అవి లేవు కాబట్టి నిజమే అనుకునేవాడిని. ఆ రోజు పేజీ చూస్తూ, ఇదే కథ పక్కింటి ఒడియా ఆయనకు చెప్తే ఎలా చెప్తాను అని అనుకుని చూశాను. ముసలమ్మ దగ్గర "గోటే కుకుడా" ఉంది అంటాను. తర్వాత "కుకుడాటా" పారిపోయింది అంటాను. మొదటిసారి చెప్పినప్పుడు "గోటే", రెండోసారికి వెనకాల "టా". మనుషులకైతే మొదట "జణే బుఢీ", తర్వాత "బుఢీటి". ఇంగ్లీషువాడు చేస్తున్నదీ అదే కదా! మొదటిసారి "ఎ హెన్", రెండోసారి "ది హెన్". వాడు ముందు పెడతాడు, ఒడియావాళ్ళు వెనక తగిలిస్తారు. చిన్నప్పటి నుంచి నోట్లో ఉన్నదాన్ని రాదనుకుంటూ పదేళ్ళు భయపడ్డాను.

అప్పుడు కుడి పేజీలో ఇలా తిరగరాశాను: "ది ట్రెయిన్ వాజ్ లేట్. ఏన్ ఓల్డ్ ఉమన్ వాజ్ సిట్టింగ్ బిసైడ్ మి విత్ ఎ హెన్ ఇన్ ఎ బాస్కెట్. ది హెన్ ఎస్కేప్డ్. ది ఓల్డ్ ఉమన్ స్టార్టెడ్ క్రయింగ్. ఎవ్రీబడీ లుక్డ్ ఫర్ ది హెన్. ఇట్ కేమ్ అండ్ హిడ్ బిట్వీన్ మై ఫీట్."

ఇది ఒక్కరోజులో కుదరలేదు. "హిడ్" కోసం డిక్షనరీ చూశాను, "ఆల్ పీపుల్స్" తప్పని మా హెడ్‌క్లర్క్ చెప్తే తెలిసింది. బుట్ట మొదటి రాతలో లేనే లేదు. తిరగరాస్తుంటే కోడి దేంట్లోంచి తప్పించుకుంది అని నన్ను నేనే అడుక్కున్నాను, అప్పుడు వచ్చింది బుట్ట. తిరగరాసేటప్పుడు తప్పులు పోవడం ఒక్కటే కాదు, సంగతి కూడా చిక్కబడుతుంది.

ఒడియా అన్నిచోట్లా కాపాడుతుందని మాత్రం అనుకోకు. "మో బహిటా" అని మనం హాయిగా అంటాం, ఇంగ్లీషులో "మై ది బుక్" అంటే కుదరదు. సూర్యుడికి ఒడియాలో "టా" తగిలించం, ఇంగ్లీషులో "ది సన్" అనాల్సిందే. నూటికి నూరు కాకపోయినా, మొదటిసారి రెండోసారి అనే ఈ ఒక్క లెక్క పట్టుబడితే పేజీలో సగం గందరగోళం పోతుంది.

తప్పులే అలవాటైపోవా అన్నావు. ఇది పండితులు కూడా కొట్టుకున్న విషయమే. 1996లో జాన్ ట్రస్కాట్ అనే ఆయన, రాత క్లాసుల్లో వ్యాకరణం దిద్దడం వల్ల లాభం లేదు, మానేయండి అని గట్టిగా వాదించాడు. చాలామంది ఒప్పుకోలేదు. న్యూజిలాండ్‌లో జాన్ బిచెనర్ 75 మంది విద్యార్థులతో ఒక పరిశీలన చేసి 2008లో ప్రచురించాడు. దాంట్లో అన్ని తప్పులూ దిద్దలేదు. మొదటిసారి చెప్తే "ఎ", మళ్ళీ చెప్తే "ది", ఈ రెండే చూశారు. దిద్దించుకున్నవాళ్ళు మెరుగయ్యారు, రెండు నెలల తర్వాత కూడా అది నిలబడింది. మేనకోడలు ఈ సంగతి చెప్పినప్పుడు నా కోడి గుర్తొచ్చి భలే సంబరపడ్డాను. నేను పిల్లల పేజీల్లో చేసేదీ ఇదే. వారానికి ఒక్క తప్పే చూస్తాను. ఈ వారం "ఎ, ది" అయితే మిగతావి ఎన్ని కనపడినా నోరెత్తను. పేజీ నిండా ఎర్ర సిరా చూసిన పిల్లలు తర్వాతి ఆదివారం రారు, ఇది నా అరుగు మీద నేను చూసిన లెక్క.

ఎర్ర సిరా సంగతి నాకు బాగా తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రిమైండర్ లెటర్ డ్రాఫ్ట్ చేశాను. "ది పార్టీ ఈజ్ నాట్ గివింగ్ రిప్లై సిన్స్ టూ మంత్స్" అని రాశాను. పై ఆఫీసరు దాన్ని సెక్షన్ మధ్యలో నిలబడి పైకి చదివాడు. ఏది తప్పో చెప్పలేదు, చదివి నవ్వి నా టేబుల్ మీద పడేశాడు. ఆ కోపంతోనే డైరీ మొదలుపెట్టాను. నాలుగు నెలల తర్వాత వెనక్కి వెళ్ళి "సిన్స్" ఎన్నిసార్లు రాశానో లెక్కపెట్టాను. పదకొండుసార్లు. తొమ్మిది తప్పు. మనకు "నుంచి" ఒకటే. రెండు నెలల నుంచి, సోమవారం నుంచి, టెక్కలి నుంచి, అన్నిటికీ అదే. ఇంగ్లీషులో రెండు నెలలకు "ఫర్", సోమవారానికి "సిన్స్", టెక్కలికి "ఫ్రమ్". ఇక్కడ కూడా ఒడియా సాయం చేస్తుంది. "దుయి మాస హేలా" అనుకుంటే "ఫర్", "సోమబారఠారు" అనుకుంటే "సిన్స్". తెలుగులో కూడా "రెండు నెలలైంది" అని మార్చుకుని చూసుకోవచ్చు. "సోమవారమైంది" అనలేం కదా, అక్కడ "సిన్స్" పెట్టు.

తెలుగు లోంచి వచ్చే ఇంకో పెద్ద చిక్కు వాక్యం పొడవు. "బజారుకెళ్ళి, చేపలు కొని, ఇంటికొచ్చి, వండి, తిని పడుకున్నాను" అని మనం ఊపిరి తీసుకోకుండా అంటాం. పిల్లలు దాన్ని "గోయింగ్ టు మార్కెట్, బయింగ్ ఫిష్, కమింగ్ టు హోమ్" అని గొలుసు కడతారు. తెంపెయ్. "ఐ వెంట్ టు ది మార్కెట్. ఐ బాట్ సమ్ ఫిష్. ఐ కేమ్ హోమ్ అండ్ కుక్డ్ ఇట్." పొట్టిగా ఉంటే చిన్నపిల్లల రాతలా ఉందని సిగ్గుపడకు. పొట్టి వాక్యంలో తప్పు దాక్కోలేదు, అందుకే చెప్తున్నాను. కలపడం ఆరు నెలలాగి చూసుకోవచ్చు. "హోమ్" ముందు "టు" రాదని ఆ గొలుసులోనే చూసి ఉంటావు. "డిస్కస్" తర్వాత "ఎబౌట్" వద్దు, "రిటర్న్" తర్వాత "బ్యాక్" వద్దు. ఇలాంటి చిల్లర తప్పులు ఒక పేజీలో రాసి పెట్టుకుంటే చాలు, వాటి కోసం వారం వారం కూర్చోనక్కర్లేదు.

నోటుపుస్తకం ఎలా వాడాలో చెప్తాను. రెండొందల పేజీల మామూలు రూళ్ళ పుస్తకం కొను. తేదీలు అచ్చేసిన డైరీ కొనకు. ఒక రోజు మానేస్తే ఆ ఖాళీ పేజీ నిన్ను వెక్కిరిస్తుంది, నాలుగు ఖాళీలు పడగానే పుస్తకం అటకెక్కుతుంది. రూళ్ళ పుస్తకంలో ఖాళీలుండవు. ఎడమ పేజీలో రాయి, కుడి పేజీ వదిలెయ్. రోజుకు ఆరు వాక్యాలు. ఏడో వాక్యం వస్తుంటే రాసుకో, రాకపోతే ఆరింటితో మూసెయ్. అన్నం తిన్నాక పావుగంట పడుతుంది. ఆ ఆరూ ఒకే సంగతి మీద ఉండాలి, రోజంతా చెప్పొద్దు. కరెంటు పోయిన అరగంట, రేషన్ షాపు దగ్గర గొడవ, పాతపట్నం బస్సులో సీటు కోసం పేచీ, ఏదైనా సరే, పది నిమిషాల్లో జరిగినది.

మాట దొరక్కపోతే ఆగొద్దు, ఆ మాట తెలుగులోనే వాక్యంలో పెట్టేసి ముందుకు వెళ్ళు. మా అరుగు మీది కుర్రాడొకడు "మై ఫాదర్ ఈజ్ సణుగుడు ఎబౌట్ ది కరెంట్ బిల్" అని రాశాడు. చూసి అందరూ నవ్వారు. నేను మాత్రం వాడి భుజం తట్టాను. మూడు రోజుల తర్వాత వెతికి "గ్రంబ్లింగ్" అని కుడి పేజీలో రాసుకున్నాడు. ఆ మాట వాడు ఇక మర్చిపోడు, దానికి వాళ్ళ నాన్న గొంతు అతుక్కుని ఉంది కదా. అదే ముప్పై మాటల లిస్టు బట్టీ పడితే ఎన్ని నిలుస్తాయో నీకే తెలుసు. వెతకడానికి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వాళ్ళ లెర్నర్స్ డిక్షనరీలు ఆన్‌లైన్లో ఉచితంగా ఉన్నాయి. వాటిలో చాలా మాటలకు ఉదాహరణ వాక్యాలుంటాయి. అర్థం కంటే ఆ వాక్యాలు చూడు, మాట పక్కన ఏ మాట వస్తోందో అక్కడే తెలుస్తుంది. తెలుగు మాటకు ఇంగ్లీషు కావాలని కొందరు బ్రౌన్ నిఘంటువు తెరుస్తారు. మహానుభావుడి పని గొప్పదే, కానీ అది 1852 నాటిది. అందులో దొరికిన ఇంగ్లీషుతో ఈ రోజుల్లో ఉత్తరం రాస్తే చదివేవాడు తలగోక్కుంటాడు.

దిద్దడానికి ఇప్పుడు ఫోన్లోనే మెషీన్ ఉంది కదా అంటావు. ఉంది, నేనూ వాడతాను. పిల్లలు చేసే తప్పేమిటంటే రాసిన వెంటనే దానికి ఇచ్చేస్తారు. అది మొత్తం పేజీని మెరుగుపెట్టి, వాళ్ళెప్పుడూ వినని మాటలు పెట్టి ఇస్తుంది. దాన్ని చూసి మురిసిపోయి కాపీ చేసుకుంటారు. తర్వాతి పేజీలో మళ్ళీ అవే తప్పులు. పెళ్ళికూతురికి వేరే అమ్మాయి ఫోటో పెట్టినట్టు ఉంటుంది. నువ్వు ముందు మూడు రోజులాగు, నీ కళ్ళతో చూసి కుడి పేజీలో తిరగరాయి. ఆ తిరగరాసినదాన్ని ఇచ్చి, "వాక్యాలు మార్చొద్దు, సరైన జవాబు చెప్పొద్దు, తప్పున్న చోట గీత మాత్రం గీయి" అని అడుగు. గీత గీసిన చోట ఏం తప్పో నువ్వే వెతుక్కో. దొరక్కపోతే అప్పుడు అడుగు. దొరికిందే నీది. ఇంకో మాట, ఇంట్లోవాళ్ళ పేర్లు, డబ్బు గొడవలు, ఫోన్ నంబర్లు అందులో పెట్టకు.

డైరీ తమ్ముడు చదువుతున్నాడనీ, అమ్మ అనుమానంగా చూస్తోందనీ కూడా రాశావు. మనవైపు ఆడపిల్ల చేతిలో డైరీ ఉంటే ప్రేమ కథే అనుకుంటారు, ఏం చేస్తాం. మా నాయనమ్మ అయితే నన్నే "రోజూ ఏటి రాస్తన్నావురా, ఎవలికి?" అని నిలదీసేది. నా సలహా, ఈ నోటుపుస్తకాన్ని దాచకు. హాల్లో టీవీ పక్కన పడెయ్. ఇది ఇంగ్లీషు నేర్చుకునే పుస్తకం, ఎవరు చదివినా ఫర్వాలేనివే ఇందులో రాయి. తమ్ముడు చదివితే మంచిదే, వాడి చేత తప్పు పట్టించు. మనసులో మాట, బాధ, కోపం రాసుకోవాలనుకుంటే వేరే పుస్తకంలో తెలుగులో రాసుకో. ఏడుపొచ్చినప్పుడు "ఎ" పెట్టాలా "ది" పెట్టాలా అని ఆలోచించే మనిషి ఉండడు. మొదట్లో నేను రెండూ కలిపి రాశాను, ఇంగ్లీషూ కుదరలేదు, బాధా తీరలేదు.

అన్నట్టు, మనవాళ్ళలో ఇంగ్లీషు డైరీ కొత్తేం కాదు. విజయనగరంలో గురజాడ అప్పారావు గారు డైరీలు ఇంగ్లీషులో రాసుకున్నారు. ఆయన సహాధ్యాయి గిడుగు రామమూర్తి గారు మీ పర్లాకిమిడిలోనే ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పారు. మనవైపు కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకోవడానికి, తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, మాటలు విని రాసుకుంటూ నేర్చుకున్నారంటారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం వేశారు, అదీ ఇంగ్లీషులో. జనం మాట్లాడేలా రాయండి అని జీవితమంతా పోరాడిన మనిషి ఉన్న ఊరు నీది. డైరీలో "ఐ పార్టుక్ ఆఫ్ మై బ్రేక్‌ఫాస్ట్" లాంటివి రాయకు మరి.

మానేసిన రోజుల గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. వారానికి నాలుగు రోజులు రాస్తే చాలు. మిగతా మూడు రోజుల్లో రెండు రోజులు పాతవి తిరగరాయి. ఒక రోజు ముట్టుకోకు. పండగలకీ పెళ్ళిళ్ళకీ రాయడం కుదరదు, తర్వాత ఆ పెళ్ళిలో ఒక్క పది నిమిషాలు గుర్తుచేసుకుని రాస్తే అయిపోతుంది. పెళ్ళి అంటే గుర్తొచ్చింది, భోజనానికి వెళ్ళినది "వెడ్డింగ్"కి, కాపురం "మ్యారేజ్".

పరీక్ష సంగతికి వస్తే, డైరీ రాసినంత మాత్రాన పీఓ మెయిన్స్‌లో డిస్క్రిప్టివ్ పేపర్ గట్టెక్కదు. అక్కడ ఉండేది అరగంట, పైగా కీబోర్డు మీద టైప్ చేయాలి. కాబట్టి రెండు నెలలు చేత్తో రాశాక శనివారాలు టైపింగ్‌కి పెట్టు. కొత్త టాపిక్ వెతక్కు. ఆ వారం డైరీలో ఉన్న సంగతినే తీసుకుని ఉత్తరంగా మార్చు. వీధి దీపం వెలగట్లేదని ఆరు వాక్యాలు రాసి ఉంటే, అదే మున్సిపాలిటీకి ఫిర్యాదు. రేషన్ షాపు దగ్గర గొడవ అయితే దాని మీదే నూట యాభై మాటల వ్యాసం. సంగతి ముందే తెలుసు, మాటలు ముందే వెతుక్కున్నావు, ఇక మిగిలింది టైము చూసుకుంటూ పేర్చడమే. మా అరుగు మీద ఇద్దరు ఇలాగే చేశారు. ఒకమ్మాయికి ఉద్యోగం వచ్చింది, ఒకబ్బాయికి రాలేదు. రాని అబ్బాయి ఇప్పుడు ఒక సిమెంటు డీలర్ దగ్గర మెయిల్స్ అన్నీ తనే రాస్తాడు, అదివరకు ఆ డీలర్ బయటివాళ్ళ చేత డబ్బిచ్చి రాయించుకునేవాడు. ఎన్ని నెలలు పడుతుంది అని అడుగుతావేమో. లెక్కపెట్టి చూసుకున్నాక "సిన్స్" నా చేతిలో కుదురుకోవడానికి ఇంకో నాలుగు నెలలు, "ఎ, ది" ఒక దారికి రావడానికి ఏడాది పైన పట్టింది. ప్రిపొజిషన్లలో ఇప్పటికీ అప్పుడప్పుడు జారుతుంటాను.

ఈ రాత్రికి నీ పని ఇది. మీ నాయనమ్మకు గ్యాస్ సిలిండర్ మీద కోపం ఎందుకొచ్చిందో ఆరు వాక్యాల్లో రాయి. సిలిండర్ ఎప్పుడు వచ్చింది, ఎవరు మోసుకొచ్చారు, ఏమైంది, ఆవిడ దాన్ని ఏమని తిట్టింది. ఆ తిట్టు మాత్రం తెలుగులోనే ఉంచు. సిలిండర్ ముందు "ఎ" రావాలో "ది" రావాలో సందేహమొస్తే ఒకసారి ఒడియాలో అనుకుని చూడు, "గోటే" వస్తోందా, వెనకాల "టా" వస్తోందా అని. మూడు రోజులాగి తిరగరాశాక రెండు పేజీలూ పెట్టు, చూస్తాను.